ఘోటకమునకు గుఱ్ఱము వికృతియా?

మన పాఠశాలలలో తెలుగు నేర్చు పిల్లలకు ప్రకృతి వికృతులను రెండు నిలువు పంక్తులలో వ్రాసియిచ్చి వల్లెవేయించు ఆచారము నేటికిని సాగుచున్నది. ఎడమ పంక్తిలో సంస్కృతపదము, కుడి పంక్తిలో దానినుండి పుట్టిన తెలుగు పదము. ఆకాశము–ఆకసము, విద్య–విద్దె, రాత్రి–రాతిరి, కార్యము–కర్జము. ఈ జంటలను గూర్చి వివాదమేమియు లేదు. కాని ఇట్టి పట్టికలు కొన్నింటిలో, మంచివారి గుంపులో దొంగ దూరినట్లు, ఘోటకము–గుఱ్ఱము అను జంట యొకటి దూరియున్నది. ఘోటకమునకు వికృతి గుఱ్ఱమని వ్రాసిన పిల్లవానికి మార్కు దక్కును, వ్రాయనివానికి దక్కదు. ఏల యని అడిగినచో పెద్దలు చెప్పినారందురు. ఏ పెద్దలు, ఏ నియమమును బట్టి చెప్పిరని అడుగు ఆచారము మనలో లేదు. ఆ ప్రశ్ననే నేనిక్కడ అడుగదలచితిని.

ఒక్క మాటను గూర్చి ఇంత రభస యేల యని కొందఱనవచ్చును. మాట ఒక్కటియే, దాని వెనుకనున్న బుద్ధి యొక్కటి కాదు. 'వికృతి' యను పేరే చూడుడు. లాక్షణికులు 'తద్భవ'మని పేరు పెట్టిరి. దానినుండి కలిగినది అని మాత్రమే దాని యర్థము, అందు నిందలేదు. బడిలో వికృతి యనగానే బాలుని మనస్సునకు తోచునది వికారము. వాడు తన తల్లి నోట విన్న మాట చెడిపోయినదనియు, చెడని మాట వేఱొకచోట పుస్తకములో నున్నదనియు ఏడెనిమిదేండ్లకే నేర్చుకొనుచున్నాడు. నిజముగా సంస్కృతమునుండి వచ్చిన మాటయందు ఈ మాట చెప్పినను కొంత సహింపవచ్చును. రాని మాటను గూడ వచ్చినదని చెప్పి, దానికి లేని తండ్రిని అంటగట్టి, పైగా ఆ తండ్రి పోలికలు చెడినవని వెక్కిరించుట ఏ ధర్మము?

సరే, పోలికలనే పరీక్షింతము. సంస్కృతపదము ప్రాకృతము ద్వారా తెలుగులోనికి దిగునప్పుడు దాని యక్షరములు ఇచ్చవచ్చినట్లు మాఱవు. ఒక క్రమమున మాఱును. ఘకారము గకారమగును: ఘంట గంటయైనది. అచ్చుల నడుమ నున్న టకారము డకారమగును: ఘటిక గడియయైనది, కటకము కడియమైనది. ఈ క్రమమును ఘోటకమునకు పట్టించినచో రావలసిన రూపము గుఱ్ఱము కాదు. 'గోడ' యనియో 'గోడియ' యనియో మొదలగునది ఏదో యొకటి కావలెను. ఉత్తరదేశ భాషలలో సరిగా అట్లే జరిగినది. ప్రాకృతమున ఘోడ, మరాఠీలో ఘోడా, గుజరాతీలో ఘోడో, హిందీలోను వంగభాషలోను నాలుక కొంచెము మడచి పలుకు ఘోడా. అవి ఘోటకమునకు నిజమైన తద్భవములు. వానిని చూచినచో తండ్రిబిడ్డల పోలిక ఎట్లుండునో ఎవ్వరికైనను తెలియును.

తెలుగు మాటను ఈ యింటిలో చేర్చవలెనన్న ఎన్ని మాయలు చేయవలెనో లెక్కింపుడు. గకారమును ఒప్పుకొందము. దీర్ఘమైన ఓకారము ముందు హ్రస్వమై పిమ్మట ఉకారము కావలెను. టకారము డకారముకడ ఆగక, ఆగకపోవుటయేకాక, ఱకారమై, అదియు ద్విత్వమై, ఱ్ఱ కావలెను. ఇది శకటరేఫమని మఱవరాదు. నేటి వ్యవహారమున ర, ఱ లకు భేదము పోయి 'గుర్రము' అని వ్రాయుచున్నాము గాని, పూర్వకవులు ఈ రెండింటిని వేఱుగా పాటించిరి. ప్రాసలో ఒకదానికి మఱియొకదానిని కూర్చుట దోషమనిరి. అప్పకవి మొదలగు లాక్షణికులు ఏ మాటలో ఏ రేఫమున్నదో పట్టికలు వ్రాసిపెట్టిరి. వారు పడిన శ్రమ వ్యర్థము కాదు. ఱకారము తెలుగు, తమిళము, కన్నడము మొదలగు భాషల సొంత సొత్తు; సంస్కృతమున అది లేదు. ఒక మాటలో ఱకారము కనబడినప్పుడు, ఇది బయటినుండి వచ్చినదని చెప్పువాడు దానికి సమాధానము చెప్పుకొనవలసియుండును. ఘోటకవాదులు ఇంతవఱకు చెప్పలేదు. టకారము ఱ్ఱకారముగా మాఱిన మఱియొక జంటను, ఒక్కదానిని, చూపుడని అడిగినచో మౌనము వహింతురు. ఒకే మాట కొఱకు పుట్టి ఆ మాటతోనే చచ్చిపోవు నియమము నియమము కాదు; అది అక్కఱకు చెప్పిన అబద్ధము.

'భాషలో అన్నియు నియమము ప్రకారమే జరుగునా? బాహుళకము లేదా?' యని వారి ప్రత్యుత్తరము. దానికి యాస్కమహర్షిని సాక్షిగా తెత్తురు. నిర్వచనము చేయువాడు అర్థమును ప్రధానముగా చూడవలెననియు, వ్యాకరణ సంస్కారము అందనిచోట గూడ నిర్వచింపక విడువరాదనియు నిరుక్తమున నున్న మాట నిజమే. ఆ యాస్కుడే అశ్వశబ్దమునకు రెండు నిర్వచనములు చెప్పెను. త్రోవను వ్యాపించునది కాబట్టి అశ్వమట. లేదా, మిక్కిలి తినునది కాబట్టి అశ్వమట. అంతకు ముందే శతపథబ్రాహ్మణము మూడవదానిని చెప్పినది: ప్రజాపతి కన్ను ఉబ్బి జాఱిపడగా దానినుండి పుట్టినది కనుక అశ్వమట. ఈ మూడును ఒకేసారి నిజములు కానేరవని యాస్కునకు తెలియకపోలేదు. 'వా' యని పలికి రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచినవాడు వంశవృక్షము వ్రాయుచున్నానని భ్రమపడినవాడు కాడు. మంత్రార్థము మనస్సున నిలుచుటకు, యజ్ఞమున ఆ జంతువునకు గల మహిమ తోచుటకు అవి చెప్పబడినవి. ఆ పనికి అవి తగినవే. దానిని తెచ్చి చరిత్రకు ప్రమాణముగా నిలుపుట యాస్కునకు చేయు గౌరవము కాదు, ఆయన తలపై మన తప్పును పెట్టుట.

అశ్వశబ్దమునకు నిజమైన వంశవృక్షము కలదు. అది ధాతువులలో దొరకలేదు, బంధువులలో దొరికినది. అవెస్తాలో అస్ప, ప్రాచీన పారసీకమున అస, లాటినులో ఎక్వుస్, లిథువేనియా భాషలో ఆడుగుఱ్ఱమునకు అష్వా, ప్రాచీన ఐరిష్ భాషలో ఎఖ్. ఇవి యన్నియు ఒకే మూలమునుండి చీలిన రూపములు. కేవలము ధ్వని పోలికను చూచి ఈ మాట చెప్పుటలేదు. సంస్కృతమున 'శ్వ' యున్నచోట అవెస్తాలో 'స్ప' యుండుట అశ్వముతోనే నిలిచిపోలేదు: విశ్వమునకు వీస్ప, శ్వేతమునకు స్పఏత. నియమమనగా ఇది. ఒక మాటకు చెప్పినది పది మాటలలో నిలుచును. సముద్రముల కావలి భాషలతో అశ్వమునకు ఇంత ఖచ్చితముగా చుట్టఱికము చూపగలిగిన శాస్త్రము, మన ప్రక్కయింటి ఘోటకమునకు గుఱ్ఱమునకు మాత్రము చూపలేకపోయినదన్న, లోపము శాస్త్రమునందున్నదా, చుట్టఱికమునందున్నదా?

ఇంతకంటె చిత్రమైన సంగతి మఱియొకటి కలదు. గుఱ్ఱమునకు ప్రకృతియని పీటవేసి కూర్చుండబెట్టిన ఆ ఘోటకము ఎవరి బిడ్డ? ఋగ్వేదమున గుఱ్ఱమునకు అశ్వము, హయము, వాజి, అర్వ, అత్యము, సప్తి యని పెక్కు పేర్లున్నవి; వందలకొలది ఋక్కులలో గుఱ్ఱపు సకిలింపు వినబడును; ఘోటకము మాత్రము లేదు. బృహదారణ్యకోపనిషత్తు ఆరంభముననే హయమై దేవతలను, వాజియై గంధర్వులను, అర్వమై అసురులను, అశ్వమై మనుష్యులను మోసినదని ఒక ముచ్చటయైన మాట కలదు; ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పేరని ఆ ఋషి కనిపెట్టెను. ఆ నాలుగింటిలోను ఘోటకము లేదు. ఆ మాట సూత్రకాలమున తలచూపి, పిమ్మట కోశములకెక్కినది. అమరసింహుని నాటికి అది ఎంత పెద్దఱికము సంపాదించెననగా, క్షత్రియవర్గమున గుఱ్ఱపు పర్యాయపదముల వరుసకు అదియే ముందు నిలిచినది. వైయాకరణులు దానికి ధాతువు చూపకపోలేదు: 'ఘుట' ధాతువునకు పరివర్తనము, అనగా తిరుగుట, పొరలుట అర్థము, నేలపై పొరలును కనుక ఘోటకమట. అట్లయిన గాడిదకు ఆ పేరేల రాలేదో వారే చెప్పవలెను. అది గుఱ్ఱముకంటె ఎక్కువగానే పొరలును. అశ్వమునకున్నట్లు ఘోటకమునకు అవెస్తాలో గాని, గ్రీకులో గాని, లాటినులో గాని ఒక్క జ్ఞాతి కానరాడు. అందువలన భాషాశాస్త్రజ్ఞులలో పెక్కుమంది అది ఈ దేశపు ఇతర భాషలనుండియో, లేక ఇప్పుడు నశించిన ఏ భాషనుండియో సంస్కృతము అరువు తెచ్చుకొన్న మాటయని తలచుచున్నారు. తనకే ప్రకృతి తెలియని మాట మనకు ప్రకృతియట!

ఈ సందర్భమున హేమచంద్రాచార్యుని తలంపక పోరాదు. పండ్రెండవ శతాబ్దిలో గుర్జరదేశమున వెలసిన ఆ జైనపండితుడు తన అభిధానచింతామణిలో గుఱ్ఱములకు రంగులనుబట్టి వచ్చిన పేర్లను కూర్చెను. కోకాహము, ఖోంగాహము, వోల్లాహము, కియాహము మొదలగునవి. వీనిని వినగానే ఇవి సంస్కృతము కావని పసివానికైనను తోచును. పడమటి సముద్రముమీద గుఱ్ఱములను తెచ్చి యమ్మిన పరదేశి వర్తకుల నోటనుండి సంతలో పుట్టిన మాటలివి. ఆచార్యుడు వీనికిని వ్యుత్పత్తులు చెప్పెను. కోకమువలె, అనగా తోడేలువలె, నేలను తన్నునది కోకాహమట. మన పట్టికలవారు ఇంతవఱకు చదివి చేతులు జోడింతురు. కాని హేమచంద్రుడు అంతటితో ఆగలేదు. ఖోంగాహాదులు చాలవఱకు దేశ్యములనియు, తాను వ్యుత్పత్తి చెప్పినది అక్షరముల వరుస తప్పకుండ నిలుచుటకు మాత్రమేయనియు తన వ్యాఖ్యలో తానే వ్రాసెను. చూచితిరా పాండిత్యమనగా ఎట్టిదో! అది గుర్తుంచుకొనుటకు కట్టిన ముడి, పుట్టుక చరిత్ర కాదు అని ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఒక కోశకారుడు నిర్భయముగా చెప్పెను. ఆయన చేసిన పనిని మనము అనుకరించితిమి. ఆయన చెప్పిన మాటను వదలివైచితిమి.

ఇక రెండవ పక్షమువారి సంగతి. ఘోటకవాదుల మాట ఖండింపగానే సంతోషించి చప్పట్లు కొట్టువారు కొందఱు కలరు. వారి దృష్టిలో గుఱ్ఱము అచ్చముగా ద్రావిడము; తమిళమున కుదిరై, మలయాళమున కుదిర, కన్నడమున కుదురె, తుళువున కుదురె; తమిళమున 'కుది' యనగా దుముకుట; దుముకునది కుదిరై; కాబట్టి గుఱ్ఱమును మచ్చికచేసినవారే ద్రావిడులు. ఈ వాదము మొదటిదానికి తమ్ముడే. వేషము మార్చినది, నడక మార్చలేదు. దుముకుటనుబట్టి పేరు వచ్చినదనుట, పొరలుటనుబట్టి వచ్చినదనుటకంటె ఏ విధమున బలమైనది? కుదిరై మాటకు, గుఱ్ఱమునకు పోలిక యున్నదని, నిఘంటుకర్తలు వానిని దగ్గఱగా ఉంచుట న్యాయమేయని ఒప్పుకొందము. కాని తకారము ఱ్ఱకారముగా ఎట్లు మాఱినదో తెలుగున ఇతర పదములతో వారును చూపవలసియున్నది. ఘోటకవాదిని అడిగిన ప్రశ్నయే వారినడుగుచున్నాను. నా చేతనున్నది ఒక్కటే త్రాసు.

మఱియు, పేరు దేశీయమైనంత మాత్రమున ఆ వస్తువు దేశీయము కాదు. మిరపకాయ అమెరికాఖండమునుండి పోర్తుగీసువారి ఓడలలో వచ్చినది. పేరు మాత్రము మన మిరియమునుండి కల్పించుకొంటిమి. అనాసపండు అదే దారిలో తన పేరు తానే మోసికొని వచ్చినది. మిరప యను మాటను చూపి మిరపచెట్టు ఆంధ్రదేశమున పుట్టినదని వాదించువానిని ఏమనుకొందుము? గుఱ్ఱము విషయమున ఆ వాదమే చేయుచు దానికి చరిత్రయని పేరు పెట్టుచున్నారు.

నిజమేమనగా గుఱ్ఱము దక్షిణాపథమునకు చుట్టముగా వచ్చిన జంతువు. నేడు లోకమునందున్న పెంపుడు గుఱ్ఱములన్నియు ఓల్గా, డాను నదుల దిగువ మైదానములలో సుమారు క్రీ. పూ. 2200 నాటికి మచ్చికయైన ఒకే జాతి సంతానమని 2021లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తేల్చినది. మన మాటలే ఈ సంగతిని సూచించుచున్నవి. ఏనుగు ఈ దేశపు జంతువు. దాని పేరు చూడుడు: తమిళమున యానై, కన్నడమున ఆనె, తెలుగున ఏనుగు, ఏనిక. ఒకే తల్లి బిడ్డలని మొగము చూడగానే తెలియును. గుఱ్ఱమునకు అట్టి యైకమత్యము లేదు. ప్రాచీన తమిళమున ఇవుళి యని, పురవి యని, పరి యని, కుదిరై యని వేఱువేఱు మాటలు. తెలుగున వేఱొక రూపము. ఎక్కడనో బలూచిస్థానమున మిగిలిపోయిన బ్రాహుయీ భాషలో హుల్లి, దానికి ఇవుళితో చుట్టఱికము చెప్పుదురు. ఇంటివారికి ఒక్క పేరుండును; పలుమార్లు పలుదారుల వచ్చినవానికి పలు పేర్లుండును. కావేరి ముఖద్వారముననున్న పట్టణమున గుఱ్ఱములు నీటిమీద వచ్చి దిగినవని ప్రాచీన తమిళకావ్యమైన పట్టినప్పాలై చెప్పుచున్నది. ద్రావిడాభిమానులు తమ కావ్యమునైనను నమ్మవలెను గదా!

గుఱ్ఱము పేరు చెప్పగానే మతి పోగొట్టుకొనుట మన దేశమున ఏ పక్షమునకును క్రొత్తకాదు. 2000 సంవత్సరమున, సింధునాగరకతలో గుఱ్ఱమున్నదని స్థాపింపదలచి, విఱిగిపోయిన ముద్రిక యొకదాని అస్పష్టపు బొమ్మను గుఱ్ఱమని ప్రచురించిరి. ఆ ముద్రికకే చెందిన మంచి ప్రతులను తీసి చూడగా అది ఒంటికొమ్ము మృగము వెనుకభాగమని అదే సంవత్సరము బయటపడినది. పేరు పుట్టించుటతో తనివితీరక జంతువునే పుట్టించిరి. వ్యుత్పత్తి కల్పన చేయువానికిని, ముద్రిక కల్పన చేయువానికిని నడుమనున్నది చిన్న మెట్టు.

మాట ఏదారిని వచ్చియుండును? ఉత్తరమున ఘోట, ఘోడ. దక్షిణమున కుదిరై, కుదురె. మధ్యదేశమున గుఱ్ఱము, గోండి కొలామి భాషలలోను గుర్రము. ఇక తూర్పుకొండలలో సవరలు గుఱ్ఱమును కుర్తా యందురు. సవరభాష సంస్కృతము బిడ్డ కాదు, ద్రావిడమును కాదు. అది ముండాకుటుంబమునకు చెందినది. ఆ భాషను నేర్చి, దానికి 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును సమకూర్చినది మన గిడుగు రామమూర్తిగారు. మూడు కుటుంబములలో మూడు విధములుగా, ఒకదానినొకటి తలపించుచు, ఏ నియమమునకును సరిగా లొంగక తిరుగుచున్న ఇట్టి మాటలకు కారణము సాధారణముగా ఒక్కటే: సరకు చేతులు మాఱుచు పోవునప్పుడు పేరు దానివెంట పోవును, చేతులు మాఱినకొలది నోళ్లును మాఱును. క్రీ. పూ. 1400 ప్రాంతమున మితన్ని దేశపు అశ్వశిక్షకుడు కిక్కులి హిత్తీల రాజధానిలో గుఱ్ఱములకు పరుగు నేర్పుచు వ్రాయించిన మట్టిపలకలలో ఏక, పంచ, సప్త యను మన సంఖ్యలకు దగ్గఱి రూపములు కనబడుట పండితలోకమంతయు ఎఱుగును. హిత్తీలకు ఒకటి, ఐదు, ఏడు లెక్కింపరాక కాదు; గుఱ్ఱముతో గుఱ్ఱపువాని భాష వచ్చినది. అంతే.

మన చరిత్రయందు ఇది ఎంత పెద్ద వర్తకమో చెప్పనక్కఱలేదు. ఓర్మజ్ రేవునుండి ఏటేట 13,000 గుఱ్ఱములను కృష్ణదేవరాయలు కొనెనని 1535 ప్రాంతమున పోర్తుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. అంతకు ముందు సాళువ నరసింహుడు గుఱ్ఱములను చచ్చినను బ్రదికినను కొనెననియు, సముద్రముమీద చచ్చినదాని తోక తెచ్చి చూపినను బ్రదికినదాని వెలయే యిచ్చెననియు ఆయనయే చెప్పెను. తోకకు వెల యిచ్చిన దేశమున పేరుమాత్రము వెలలేక వచ్చునా? తేజీ యను మాట అట్లు వచ్చినదే. పారసీకమున తాజీ యనగా అరబ్బు సంబంధమైనది. జీను పారసీకము. కళ్ళెమునకు సంస్కృతపండితులు వాడు ఖలీనమో, అది గ్రీకుల ఖలీనోస్. ఇందు సిగ్గుపడవలసినది ఏమున్నది? ఇక 'సవారి' మాట వినుడు. శుద్ధాంధ్రాభిమానులకును సంస్కృతాభిమానులకును అది అస్పృశ్యము; తురకమాటయని కావ్యములనుండి వెడలగొట్టిరి. పారసీకులు రౌతును సవార్ అందురు. అది పూర్వము అస్వార్, దానికి పూర్వము అసబార. ఆ 'అస' మన అశ్వమునకు తోడబుట్టినదే. 'బార' భరించుటకు చుట్టము. ఘోటకమునకు ఏ దిక్కునను ఒక్క జ్ఞాతి దొరకదు. వాకిటినుండి తఱిమివేయబడిన సవారిలో మాత్రము వేదముల నాటి అశ్వపు రక్తము పాఱుచున్నది. ఎవరు లోపలివారు, ఎవరు బయటివారు?

కులము చూచి మనిషిని మన్నించు అలవాటును విడువవలెనని నూఱేండ్లుగా ఉపన్యసించుచు, మాటల విషయమున ఆ యలవాటునే మనము కాపాడుచున్నాము. తత్సమము అగ్రాసనమున, తద్భవము ప్రక్కన, దేశ్యము వెనుక, గ్రామ్యము ఊరివెలుపల. మొదట ఇవి పుట్టుకనుబట్టి పదములను విభజించు సౌకర్యములు మాత్రమే. బడిపంతులు చేతికి వచ్చుసరికి మర్యాద తరగతులైనవి. అందుచేతనే, ఒక మంచి దేశ్యపదము కనబడగానే దానికి గౌరవము కలుగజేయుదమను సదుద్దేశముతో ఎక్కడనో సంస్కృతమున దానికొక గోత్రము వెదకుదురు. గుఱ్ఱమునకు జరిగినది ఇదే. మేలుచేయుచున్నామని వారి తలంపు. నిజముగా ఆ మాట తన కాళ్లపై తాను నిలువనేరదని లోకమునకు చాటుచున్నారు. గుఱ్ఱమను ఇంటిపేరుతో జాషువ కవిచక్రవర్తి యనిపించుకొనెను. ఆయన దానిని ఘోటకమని దిద్దుకొనలేదు.

తెలుగునకు మూలము ఏదను పెద్ద వివాదమును ఇందు లేవదీయను. ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో దక్షిణభాషల పొత్తును చూపెను. అందులకు మన మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికయే అతనికి సాధనమైనది. కాల్డ్వెల్లు 1856లో దానిని విస్తరించెను. చిలుకూరి నారాయణరావుగారు 1937లో తెలుగు ప్రాకృతసంతానమని గట్టిగా వాదించిరి. గంటిజోగి సోమయాజిగారు 1947లో ద్రావిడపక్షమును స్థాపించిరి. నేడు రెండవ పక్షమే నిలిచినది. కాని నారాయణరావుగారి పక్షమున నిలుచువాడు గూడ ఘోటకమును గుఱ్ఱముగా మార్చుటకు ప్రాకృతములో ఒక మెట్టు చూపవలసినవాడే. ప్రాకృతమున ఆ మెట్టు ఘోడ. దానిమీద కాలుపెట్టినవాడు మరాఠీ యింటికి పోవునుగాని తెలుగింటికి రాడు.

పట్టికలు కూర్చువారిని నేను కోరునది స్వల్పము. అచ్చుల నడిమి టకారము తెలుగున ఱ్ఱకారమైన పదములు రెండు చూపుడు. మూడవది గుఱ్ఱమని నేనే ఒప్పుకొందును. చూపలేరేని, వచ్చు ముద్రణమున ఆ పంక్తిని తీసివేయుడు. ఘటిక–గడియ ఉండనిండు, కటకము–కడియము ఉండనిండు, ఘోటకము ఎదుట ఏదైన వ్రాయక తప్పదన్నచో, హిందీ పుస్తకమున ఘోడా యని వ్రాసికొనుడు. గుఱ్ఱమునకు ఎడమవైపు గడిని ఖాళీగా విడువవలెను.